ఆగుండ్రి

గని మేనేజరు వేణుమాధవ్ చెడ్డవాడు కాడు. అదే మన ఖర్మ. చెడ్డవాడైతే మొదటిరోజే కలబడి ఉండేవాళ్లం.

రాజం చేతిలోని కర్రను ఆయన అందరి ముందూ ప్రేమగానే తీసుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా షిఫ్టు మొదలయ్యే ముందు ఆ కర్రతో గని కప్పును తట్టి చూసేది రాజమే. అతను తడుతుంటే ముఠా అంతా ఊపిరి బిగబట్టి వినేది. కప్పు వదులైందని తెలిపే గుల్ల చప్పుడు ఎవరి చెవిన పడ్డా, నిన్నగాక మొన్న చేరినవాడైనా సరే, "ఆగుండ్రి" అంటే అందరూ వెనక్కి వచ్చేవారు.

"ఈ వయసులో మీకీ దిగులెందుకు రాజం గారూ? ఇకనుంచి కప్పు సంగతి ఆఫీసర్లు చూసుకుంటారు," అన్నాడు మేనేజరు.

తర్వాత రెండుసార్లు రాజం తన అనుమానం వెళ్లి చెప్పాడు. రెండుసార్లూ మేనేజరు నవ్వి, టీ తాగించి పంపాడు. మూడోసారి అతనికి చెప్పబుద్ధి కాలేదు. "మనకెందుకు కాకా, సార్లు చూస్తరు" అనడం ముఠాకూ అలవాటైంది. మాటకు విలువ లేనిచోట పని మీద మనసెలా నిలుస్తుంది?

శుక్రవారం పొద్దుటి షిఫ్టులో కప్పు కూలింది. ముఠాలోని టిమోతి దాని కింద పోయాడు.

ఆదివారం గని ముందు అందరూ చేరారు. టిమోతి భార్య రెజీనా కూడా వచ్చింది. మేనేజరు కళ్లు తుడుచుకుంటూ, "ఒక్కరైనా ముందే చెప్పి ఉంటే..." అన్నాడు.

రాజం ముందుకొచ్చాడు.

"నేను విన్న సార్. శుక్రారం పొద్దుగాల పారతోని తట్టిన, గుల్లగ మోగింది. నోరు పెగల్లే. రెజీనా, నీ పెనిమిటిని నేను గూడ చంపిన బిడ్డా!"

వెనకనుంచి ఒక గొంతు లేచింది. "నేను గూడ విన్న." తర్వాత నలుగురు. తర్వాత ముఠా మొత్తం.

"మరి చెప్పలేదేమయ్యా?" అన్నాడు మేనేజరు.

"చెప్తే టీ తాపి పంపుతరు గద సార్. మీరు మంచోళ్లే. పానాలు మాయి," అన్నాడు రాజం.

రెజీనా ఎవరినీ తిట్టలేదు. మేనేజరు గదిలోకి వెళ్లి, మూలనున్న కర్ర తెచ్చి రాజం చేతిలో పెట్టింది.

"పట్టు కాకా. నువ్వు తట్టి చూసేదాంక ఎవ్వల్ని దిగనియ్యకు."

"పైవాళ్లు చెప్పకుండా కర్ర తిరిగి ఇచ్చే అధికారం నాకు లేదు. దిగనివాళ్లకు సస్పెన్షన్ తప్పదు," అన్నాడు మేనేజరు, కుమిలిపోతూనే.

షిఫ్టు సైరన్ మోగింది. రాజం కర్రను గుండెకు అదుముకుని బోరున ఏడ్చాడు. ఏడుస్తూనే, శుక్రవారం అనలేని మాట గొంతెత్తి అన్నాడు.

"ఆగుండ్రి!"

ఒక్కడు కూడా గని దిగలేదు.