సిరా మరక

జుమాబెక్ పోయిన ఆరు నెలలకు, తాను ఆయన భార్యనేనని సైరాకాన్ రుజువు చేసుకోవలసి వచ్చింది. ఇల్లు ఆయన పేరున ఉంది. పెళ్లి పత్రం ఎప్పుడో పోయింది. నారిన్ కొండల్లోని వాళ్ళ ఊరి రికార్డులు ఏనాడో వరదలో కొట్టుకుపోయాయి.

"పెళ్లి పత్రం మీద మీరు సంతకాలు పెడుతుంటే చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని జిల్లా కోర్టు గుమాస్తా అడిగాడు.

బతికున్నది ఒక్క కల్బూబూ. పక్కిల్లే గానీ ఆమెతో మాటలు లేక పదకొండేళ్ళు.

"పేరు చెప్తాను నాయనా, పిలిచేది మాత్రం మీరే పిలవండి," అంది సైరాకాన్.

వాయిదా రోజున కల్బూబూ ఉతికిన తెల్ల రుమాలు తలకు కట్టుకుని వచ్చింది. సైరాకాన్ వైపు చూడనైనా చూడలేదు.

"అబద్ధం చెబితే శిక్ష ఉంటుంది, పెద్దమ్మా," అంది జడ్జి నూర్జమాల్.

"డెబ్బై రెండేళ్ళదాన్ని. జైల్లో పెట్టి నన్నెవరు మేపుతారు తల్లీ!"

జడ్జి నవ్వు ఆపుకుంది. "మీ ఇద్దరికీ తగాదాలేమైనా ఉన్నాయా?"

"లేకేం! దీని కుక్క నా గొర్రెపిల్లల్ని మూడింటిని చంపింది. పైగా కంచె సరిగ్గా వేసుకోలేదని నన్నే తిట్టింది."

ఇక అయిపోయిందనుకుని సైరాకాన్ తల దించుకుంది.

"మరి పెళ్లి సంగతి?"

"నా కళ్ళారా చూశాను. ఆ రోజు పెళ్లి నమోదు చేసే ఆఫీసులో సిరా అయిపోతే మా ఇంటికి పరుగెత్తి నేనే తెచ్చాను. దీని చెయ్యి వణికి కాగితం మీద ఇంత మరక పడింది. పాడుచేశానని ఒకటే ఏడుపు. జుమాబెక్ ఏం చేశాడనుకున్నావు? తన సంతకం పక్కన తనూ అంత మరక వేసి, 'ఇక తిడితే ఇద్దర్నీ తిట్టాలి' అన్నాడు."

సైరాకాన్‌కు అది గుర్తే లేదు. ఆ రోజు కళ్ళనిండా నీళ్ళు, ఏం చూసింది గనక! ఇప్పుడు మాత్రం బొటనవేలికి సిరా అంటిన ఆ కుర్రవాడు ఎదురుగా నిలబడినట్టయింది. తలరుమాలు అంచున ముఖం దాచుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది.

కాసేపటికి జడ్జి తీర్పు చదివింది: "సాక్షికి ఈమె మీద కోపమే ఉంది. ఈమె మేలుకోరి అబద్ధమాడవలసిన అవసరం లేదు. పెళ్లి నమోదైనట్టు కోర్టు నిర్ధారిస్తోంది."

మెట్ల దగ్గర కల్బూబూ ఆగింది. "నీ కోసం రాలేదు. కోర్టు పిలిస్తే వచ్చాను."

"గొర్రెపిల్లల విషయంలో తప్పు నాదే, కల్బూబూ."

"ఆ ముక్క అనడానికి పదకొండేళ్ళు పట్టిందా! పద, బస్సు పోతుంది."

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. కొండ మలుపు తిరిగాక సైరాకాన్ మెల్లగా అడిగింది. "ఆ రోజు ఆయన ఇంకేమన్నాడే?"

ఊరు వచ్చేదాకా కల్బూబూ చెబుతూనే ఉంది.