రివర్సు డ్యూటీ

మేము ఇదివరకు ఉన్న వీధికి చివర గోడ ఉండేది. లోపలికి వచ్చిన బండి ఏదైనా సరే, తిప్పుకోవడానికి చోటు లేక, వచ్చిన దారినే వెనక్కి పోవలసిందే. ఇటు మెట్లు, అటు పూలకుండీలు, మధ్యలో కాస్త పక్కకి ఒరిగిన కరెంటు స్తంభం. ఆ వీధిలో కార్లు కొనుక్కున్నవాళ్ళందరూ ముందుకు నడపడం మాత్రమే నేర్చుకున్నారు. వాళ్ళని వెనక్కి నడిపించే పని మా బాబాయిది.

బాబాయి బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన మెడలో విజిల్ మాత్రం రిటైరవలేదు. పొద్దున ఎవరింటి ముందైనా ఇంజను చప్పుడు వినిపిస్తే చాలు, కాఫీ గ్లాసు కిటికీలో పెట్టేసి వీధిలోకి పరుగెత్తేవాడు. బండి వెనక వంగి నిలబడి, చక్రం మీదే చూపు పెట్టి, "రానీ... రానీ... ఇంకా ఉంది రానీ... హోల్డాన్!" అని అరిచేవాడు. చివర్లో రెండు విజిళ్ళు. అంటే బండి వీధి దాటిందన్నమాట. స్తంభానికి రాసుకున్న కార్లు లేకపోలేదు. గీత పడితే స్టీరింగు పట్టుకున్నవాడి తప్పు, పడకపోతే విజిల్ గొప్ప. ఈ పద్ధతికి వీధి మొత్తం ఒప్పుకుంది.

నేను పిన్ని దగ్గర ఉండి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తున్నాను. మా పల్లెలో ఇంటికీ ఇంటికీ మధ్య ఒక దొడ్డి, ఒక కంచె అయినా ఉండేవి. ఇక్కడ కిటికీకీ కిటికీకీ మధ్య ఒక్క స్తంభమే. మా వంటింట్లో పోపు వేస్తే ఎదురింటి టైలరమ్మ తుమ్మేది. తుమ్మి ఊరుకునేది కాదు. "మిరపకాయలు తగ్గించు వదినా, అన్నయ్యకి కడుపులో మంట కదా!" అని కేకేసేది. నేను షాపు నుంచి కాస్త ఆలస్యంగా వస్తే పిన్నికంటే ముందు కిటికీలు అడిగేవి.

పిన్నికి ఇది బొత్తిగా గిట్టేది కాదు.

"ఈ వీధిలో మనసులో అనుకున్నా పక్కింట్లో వినపడుతుందే," అనేది నాతో.

"ఆ మాట కూడా వినపడింది వదినా," అనేది టైలరమ్మ.

చివరికి పిన్ని తన కలల వీధిని కనిపెట్టింది. ఊరి చివర కొత్తగా కట్టిన కాలనీలో, బస్సు కూడా ఒక్క తిప్పుడుకి తిరిగిపోయేంత వెడల్పు వీధి. చిన్న ఇల్లే కానీ చుట్టూ గోడ, ముందు గేటు, వంటింటి కిటికీ ఎదురుగా ఎవరూ లేరు. బాబాయి ఇల్లు చూడకుండా వీధిని చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఇక్కడ అడ్డం ఏముంది?" అన్నాడు నిరాశగా.

"ఏమీ లేదు. అందుకే తీసుకుందాం," అంది పిన్ని.

చాలా వాదనల తర్వాత ఒప్పందం కుదిరింది. ఒక్క నెల ఉండి చూడాలి. నెలాఖరుకి బాబాయికి ఊపిరాడకపోతే తిరిగి పాత ఇంటికే. పాత ఇల్లు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, ఆ సందులోకి సామాన్ల వ్యాను తేవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. కొత్త ఇంటి ఓనరమ్మ కూడా ఏడాదికి ఉంటారో లేదో నెలాఖరుకి తేల్చి చెప్పమంది. పిన్ని ఆ రోజే వంటింటి కిటికీకి తెర కుట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా ఎవరూ లేరు కదా, తెర ఎందుకని అడిగితే, "నాది అనిపించడానికి," అంది. ఆ నెల ఎలాగైనా గట్టెక్కాలని ఆమె ఎంతగా కోరుకుంటోందో నాకప్పుడు అర్థమైంది.

కొత్త వీధిలో మనుషులు కార్లలో పుట్టి కార్లలోనే పెరిగినట్టు ఉండేవారు. గేట్లు వాటంతట అవే తెరుచుకునేవి, కారు బయటికొచ్చేది, అద్దం వెనక ఒక నవ్వు కనిపించి మాయమయ్యేది. కాలినడకన తిరిగేది కుక్కని తిప్పే ఒక పెద్దాయన మాత్రమే. ఆయన మాటలన్నీ కుక్కతోనే. బాబాయి ఎదురైతే, "అంకుల్‌కి హలో చెప్పు," అని కుక్కకి చెప్పేవాడు. కుక్క చెప్పేది కాదు. ఆయనా చెప్పేవాడు కాదు.

అయినా బాబాయి ఆశ వదులుకోలేదు. మొదటి వారంలోనే పక్కింటి పళ్ళ డాక్టరమ్మ కారు స్టార్టు చేసిన చప్పుడు విని గ్లాసు పెట్టేసి పరుగెత్తాడు. బండి వెనక వంగి నిలబడి, "రానీ, రానీ," అన్నాడు. డాక్టరమ్మ అద్దాలన్నీ బిగించుకుని ఉంది. వంగిన మనిషి అద్దంలో కనబడడు. కారులో మాత్రం అడ్డం ఉందని కుయ్ కుయ్‌మని గోల మొదలైంది. ఆమె ఆపింది. బాబాయి ఇంకా దగ్గరికి జరిగి, "ఇంకా ఉందమ్మా, రానీ!" అన్నాడు. కారు మరింత గోల పెట్టింది. ఆమె దిగి చూసేసరికి బాబాయి చిరాగ్గా ఇంట్లోకి వచ్చేశాడు.

"రమ్మంటే రాదేంటి ఆవిడ? వెనకాల పొలమంత చోటుంటే!"

మర్నాడూ ఇదే తంతు. డాక్టరమ్మ మెకానిక్‌ని పిలిపించింది. అతను పరీక్ష చేస్తే కారు నోరెత్తలేదు. ఎలా ఎత్తుతుంది, బాబాయి లోపల టిఫిన్ తింటున్నాడు. మూడో రోజు మెకానిక్ పొద్దున్నే వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. కారు కుయ్‌మనగానే వెనక అద్దంలోంచి తొంగి చూశాడు.

"మేడం, జబ్బు దొరికింది. చొక్కా వేసుకుని ఉంది," అన్నాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. అదే వచ్చిన చిక్కు. చాలా మర్యాదగా, "అంకుల్, మీరు శ్రమపడకండి. బండే చూసుకుంటుంది," అంది. పాత వీధిలోలాగా నాలుగు తిట్టి ఉంటే బాబాయి నాలుగు అనేసి మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు. 'శ్రమపడకండి' అనేసరికి ఇంట్లోకి వచ్చి విజిల్ తీసి అద్దం పక్కన మేకుకి తగిలించాడు.

"నయం, తొక్కించలేదు," అంది పిన్ని. "బుద్ధుండాలి! బండికి కళ్ళున్నాయట, మీకే లేవు."

ఆ రోజు నుంచి బాబాయి ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో అంటే అచ్చంగా ఇంట్లోనే. ముప్ఫై ఏళ్ళు బస్సులో, ఆ తర్వాత వీధిలో ఉన్న మనిషి మొదటిసారి పొద్దున్నుంచి రాత్రి దాకా గోడల మధ్య కనిపించాడు. పేపరు అయిపోయాక వంటింట్లోకి వచ్చేవాడు. పిన్ని గ్యాస్ సిలిండరు జరుపుతుంటే వెనక నిలబడి, "రానీ, ఎడమకి కొట్టు, రానీ," అనేవాడు. ఫ్రిజ్ తెరిస్తే, "తలుపు దగ్గర నిలబడొద్దు, లోపలికి జరగాలి," అనేవాడు. పిన్ని పళ్ళు బిగబట్టి ఊరుకునేది. ఏమన్నా అంటే నెలాఖరున 'ఊపిరాడలేదు' అంటాడని భయం. నాకైతే ఊపిరాడనిది ఆమెకే అనిపించేది.

అలాంటిది ఉన్నట్టుండి బాబాయి మారిపోయాడు. పొద్దున్నే వాకింగు మొదలుపెట్టాడు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళి ఎండెక్కాక వచ్చేవాడు. వచ్చేటప్పుడు ఈల వేసుకుంటూ వచ్చి, రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు.

"చూశావా, వీధి ఒంటపట్టింది ఆయనకి," అంది పిన్ని మురిసిపోతూ. "పార్కులో ఎవరో స్నేహితులు దొరికారట."

తెర రెండో అంచు కూడా కుట్టేసింది. కుడుతూ ఏదో కూనిరాగం కూడా తీసింది. పిన్ని పాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నా సెలవు రోజున ఆమె అద్దం తుడుస్తూ ఆగిపోయింది. మేకు ఖాళీగా ఉంది.

"ఏమే, వాకింగుకి విజిల్ ఎందుకు?"

"కుక్కలుంటాయేమో పిన్నీ."

"ఈ వీధి మొత్తానికి ఉన్నది ఒకటే కుక్క. అది హలో కూడా చెప్పదు. చెప్పులేసుకో."

ఇద్దరం బయల్దేరాం. కాలనీ దాటితే బళ్ళు దూసుకుపోయే పెద్ద రోడ్డు. అక్కడి ఇళ్ళు ముందు తలుపులు మూసేసుకుని పెరటి వైపు బతుకుతుంటాయి. దాని వెనక ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళ వరస. ఎవరిల్లు ఏదో తెలియడానికి ఒకరు గేటుకి నీలం రంగు వేశారు, ఒకరు విరిగిన సైకిలు గోడకి తగిలించారు. మామూలు రోజైతే పిన్ని ఒక్కో ఇంటికీ ఒక్కో వంక పెట్టేది. ఆ రోజు అటు చూడనేలేదు.

మలుపు తిరగ్గానే వినిపించింది. "రానీ... రానీ... స్తంభం ఉంది, హోల్డాన్!"

పిన్ని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పాత సందులో, టైలరమ్మ భర్త కారు వెనక బాబాయి వంగి ఉన్నాడు. కాఫీ గ్లాసు టైలరమ్మ కిటికీలో ఉంది. బాబాయి తల తిప్పి పిన్నిని చూశాడు. నోట్లో విజిల్ ఉంది, ఊదడానికి గాలి లేదు. 'రైట్' రాక కారు సందు మధ్యలో ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఇది?" అంది పిన్ని.

"అంటే... ఇటే వస్తుంటే..."

"పార్కు అటుంది."

టైలరమ్మ కిటికీలోంచి సగం బయటికి వచ్చేసింది. "వదినా! వచ్చావా! అదేంటి, చిక్కిపోయావు? బాగా ఒళ్ళు చేశావని అన్నయ్య చెప్పాడే!"

"ఇంకేం చెప్పాడు మీ అన్నయ్య?"

"నెలాఖరుకి వచ్చేస్తున్నారుగా! మేమందరం రోజులు లెక్కపెట్టుకుంటున్నాం. మీరెళ్ళిన కొత్తలో మా ఆయన కారు ఆ గోడ దగ్గరే ఉండిపోయింది వదినా. కారు పెట్టుకుని బస్సులో వెళ్ళాడు మనిషి!"

కారులోంచి ఆమె భర్త తల బయట పెట్టాడు. "బావా, నేను ఇలాగే ఉండనా, పోనా?"

పిన్ని వెనక్కి తిరిగి నడిచింది. నేను వెంట పరుగెత్తాను. ఇంటికి వచ్చి గేటు వేసి, వంటింట్లో పీట మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాటిచ్చేశాడే వాళ్ళకి. నాకు ఒక్క ముక్క చెప్పకుండా."

ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. కిటికీ తెర గాలికి కదిలింది. పిన్ని దాన్నే చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని, లేచి, సిలిండరు ఒక్కతే జరుపుకుంది. ఎవరూ రానీ అనలేదు. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి కాసేపు అలాగే నిలబడింది.

"ఏమే," అంది మెల్లగా, "ఆయన బస్సు డ్యూటీకి వెళ్ళినప్పుడు కూడా నేనిలాగే ఒక్కదాన్నే పని చేసుకుంటూ పాడుకునేదాన్ని, తెలుసా?"

బాబాయి మధ్యాహ్నం తలొంచుకుని వచ్చాడు. పిన్ని అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. సాయంత్రం కూడా మాట్లాడలేదు. తిట్లు ఎప్పుడొస్తాయా అని ఆయన రాత్రి దాకా ఎదురుచూసి, రాకపోయేసరికి ఇంకా భయపడ్డాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి బల్ల మీద పాత టిఫిన్ డబ్బా ఉంది. బస్సు ఉద్యోగం రోజులది, మూత సొట్టపోయింది. పక్కన నీళ్ళ సీసా, దాని మీద చుట్టి పెట్టిన విజిల్.

"ఇదేంటి?" అన్నాడు బాబాయి.

"డ్యూటీకి టైమవుతోంది. డాక్టరమ్మ బండికి కళ్ళున్నాయి, పాత వీధి బళ్ళకి లేవు. వెళ్ళండి."

"మరి నెలాఖరుకి..."

"ఎక్కడికీ వెళ్ళట్లేదు. ఓనరమ్మకి ఏడాదికి ఉంటామని రాత్రే ఫోన్లో చెప్పేశాను. మీరడక్కుండా మాటిచ్చారు, నేనూ అడక్కుండా ఇచ్చాను. సరికి సరి. మీకు ఊపిరి అక్కడ ఆడుతుంది, నాకిక్కడ. పొద్దున వెళ్ళి సాయంత్రం రండి."

బాబాయి డబ్బా ఎత్తి బరువు చూశాడు. మొహం వెలిగిపోయింది. వెంటనే వెలుగు చాలా ఎక్కువైందేమోనని కాస్త తగ్గించుకున్నాడు.

"సాయంత్రమా? వాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోతారే. మధ్యాహ్నానికల్లా పని ఉండదు."

"పాల వ్యాను రాదూ? కూరగాయల బండి రాదూ?" అంది పిన్ని గబగబా. "ఓవర్‌టైం చెయ్యండి. తొందరేం లేదు."

బాబాయి మెడలో విజిల్ వేసుకుని గేటు దాటాడు. కుక్క పెద్దాయన ఎదురొచ్చి కుక్కతో, "అంకుల్ ఎక్కడికో వెళ్తున్నాడు, చూడు," అన్నాడు. బాబాయి ఆగి, వంగి, సాక్షాత్తు కుక్కకే చెప్పాడు, "డ్యూటీకి." మలుపు దగ్గర వెనక్కి తిరిగి రెండు విజిళ్ళు ఊదాడు. డాక్టరమ్మ ఇంట్లో ఒక కిటికీ తెరుచుకుంది.

పిన్ని గేటు పట్టుకుని నవ్వుతూ నిలబడింది. ఆయన కనుమరుగయ్యాక నా వైపు తిరిగింది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? షాపు లేదూ?"

"ఇంకా టైముంది పిన్నీ."

"నడు నడు. మెల్లగా వీధులు చూసుకుంటూ వెళ్ళు."

గేటు దాటానో లేదో నా వెనకే తలుపు గడియ పడింది. రోడ్డు మీదికి వచ్చేసరికి వంటింటి తెర వెనక నుంచి పాట మొదలైంది.