టైరు కింద మిరియం గింజ

సుశీలకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. సుధాకర్ తాగడు. పేకాట రాదు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఇంట్లో ఒక్కసారి కూడా గొంతు పెంచి మాట్లాడలేదు. ఆయనకున్న రోగం ఒక్కటే: క్షమిస్తాడు. చేయని తప్పును కూడా వదలకుండా క్షమిస్తాడు. ఆరేళ్లుగా ఒకే తప్పును, చుట్టాలందరి ముందూ, విసుగన్నది లేకుండా క్షమిస్తూ వస్తున్నాడు. విసుగంతా సుశీల వంతుకు వచ్చింది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న కాలనీలో వాళ్ల ఇల్లు. ముందు గదిలో గోడంత టేకు షోకేసు. దాని నిండా అరచేతిలో పట్టే కార్లు. అన్నీ లోహంతో పోత పోసిన పాత బొమ్మలే, అన్నీ జర్మనీ కార్లే. తాబేలు వీపు ఫోక్స్‌వ్యాగన్లు, తలుపులు రెక్కల్లా పైకి లేచే మెర్సిడెస్, ముఖమే తలుపైన బుల్లి బి.ఎం.డబ్ల్యూ. ఇంకా, ఇప్పుడు లేని కంపెనీల కార్లు, పేర్లు పలికితే నోరు తిరగనివి.

జర్మనీయే ఎందుకంటే దానికో కథ ఉంది. సుధాకర్‌కు తొమ్మిదేళ్లప్పుడు రావల్కోల్‌లో వాళ్ల చెలక భూమి కొనడానికి ఒక సేటు తెల్ల మెర్సిడెస్‌లో వచ్చాడట. పిల్లాడు దాని మీద చేయి వేయబోతే డ్రైవరు "హాత్ మత్ లగావ్" అన్నాడట. ఆ చెలక చేయి దాటిపోయిన సంగతి ఆయనకు పెద్దగా గుర్తు లేదు. కారును ముట్టుకోలేకపోయింది మాత్రం నిన్నటిలా గుర్తుంది. పెద్దయ్యాక తానే ఊళ్లవాళ్ల చెలకలను ప్లాట్లు చేసి అమ్మాడు, ఇన్నోవా కొన్నాడు, అయినా ఆ మనాది తీరలేదు. బొమ్మలతో తీర్చుకున్నాడు.

ఆరేళ్ల కిందటి వానాకాలం. షోకేసులో అన్నిటికంటే పెద్ద వయసుది నల్ల మెర్సిడెస్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన బొమ్మ. కౌకూర్‌లో ఉండే హేమచంద్ అనే స్నేహితుడు ఎవరిదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే సంపాదించి పెట్టాడు. ఒక మంగళవారం సుశీల షోకేసు దుమ్ము దులిపింది. సాయంత్రం సుధాకర్ వచ్చి చూస్తే ఆ కారు మడ్‌గార్డు విరిగి పక్కన పడి ఉంది.

ఆయన ఆ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి చాలాసేపు చూశాడు.

"పోనీలే సుశీలా. మనిషన్నంక చేయి జారదా."

"నేను పడెయ్యలే."

"నేనేమన్న అన్ననా? పోనీ అంటున్న గద."

అక్కడితో అయిపోయింది. కేసు కొట్టేయలేదు, శిక్ష మాత్రం రద్దు చేశారు. నేరం ఆమె పేరు మీద అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరు ఇంటికొచ్చినా షోకేసు ముందు నిలబెట్టి ఒక్కో కారూ చూపించేవాడు. నల్ల మెర్సిడెస్ దగ్గరికి రాగానే గొంతు మెత్తబడేది. "గిది మా ఇంటామె చేతుల జారింది. పాపం, పోనీలే అన్న." వచ్చినవాళ్లు ఆయన వంక మెచ్చుకోలుగా, ఆమె వంక జాలిగా చూసి టీ తాగేవారు. కప్పులు మాత్రం ఆమె ట్రేలోంచి తామే జాగ్రత్తగా తీసుకునేవారు.

మాట అలా ఇల్లిల్లూ తిరిగింది. మరిది పరమేశ్ గృహప్రవేశంలో గాజు గ్లాసుల ట్రే ఆమె చేతికి రాబోయి పక్కకు మళ్లింది. అదీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది బతుకమ్మ. పెళ్లయిన ఏడాది నుంచీ సద్దుల నాడు ఇంటి పెద్ద బతుకమ్మను చెరువు దాకా ఎత్తుకుపోయేది సుశీలే. నడుమెత్తు బతుకమ్మ, గునుగు, తంగేడు తడితడిగా, ఒక్క పువ్వు రాలకుండా తీసుకుపోయేది. మడ్‌గార్డు విరిగిన ఏడాది అత్తమ్మ దాన్ని చిన్నకోడలి చేతిలో పెట్టింది.

"నువ్వద్దు బిడ్డా, నీ చేతులు జారుతయట గద" అంది, అదీ ప్రేమగానే.

ఆ ఇంట్లో అందరూ ప్రేమగానే అంటారు. రానురాను సుశీలకే అనుమానం పట్టుకుంది. మంచినీళ్ల గ్లాసును కూడా రెండు చేతులతో పట్టుకోవడం అలవాటైంది. ఆ మంగళవారం నిజంగా ఏమైనా తగిలిందేమోనని ఎన్నోసార్లు వెనక్కి తిప్పి చూసుకుంది. తగల్లేదు. అయినా ఒకే మాటను ఆరేళ్లు విన్నాక మనిషికి తన చేతులమీదే నమ్మకం పోతుంది.

సుధాకర్ మాత్రం షోకేసు అంచులకు రబ్బరు పట్టీ వేయించాడు, దుమ్ము దూరకుండా. తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానానికీ, పెళ్లిళ్లకీ అది అక్కడే. నడుం నొప్పికి ఎక్స్‌రే తీయిస్తే వెన్నెముక పక్కన తాళంచెవి తెల్లగా, స్పష్టంగా పడింది. డాక్టరు కాసేపు దాన్నే చూసి, మళ్లీ తీయించమన్నాడు. కొత్త కారు వచ్చినప్పుడు, లేదంటే దసరాకు ఆయుధపూజ నాడు, అంతే. ఆ తాళం ఇంకెప్పుడూ తెరుచుకోదు. ఈ ఏడాది ప్లాట్ల బేరాలు లేవు, కొత్త కారూ రాలేదు.

శ్రావణమాసంలో ఒకరోజు సుశీల నేల తుడుస్తూ చూసింది. కింది అరలో మెరూన్ రంగు ఆడ్లర్ కారు ఉంది, మెర్సిడెస్ తర్వాత వయసులో అదే పెద్దది. దాని బానెట్ మీద వెంట్రుకంత గీత. వారం తిరిగేసరికి గీత పక్కన రంగు పొక్కులా లేచింది. వినాయకచవితి నాటికి తలుపు వంకరపోయింది. అద్దం బిగించి ఉంది, తాళం వేసి ఉంది, చెవి ఆయన నడుముకు ఉంది. తడిగుడ్డ చేతిలో పట్టుకుని ఆమె కింద కూర్చుండిపోయింది.

ఫోనులో వెతికితే దొరికింది. అప్పట్లో కొన్ని బొమ్మలకు కరిగించిన జింకులో సీసం కలిసిపోయేదట. అలాంటి లోహం తేమ తగిలి, ఏళ్ల తరబడి లోపల్లోపలే ఉబ్బి, పగిలి, పొడైపోతుందట. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. వైద్యం లేదు. తేమ లేకుండా చూసుకుంటే కొన్నాళ్లు ఆగుతుంది. శామీర్‌పేట చెరువు గాలి తగిలే ఇంట్లో, వానాకాలం తేమను లోపల పెట్టి రబ్బరు పట్టీ బిగించిన షోకేసు మరి.

ఆ సాయంత్రమే చెబుదామని లేచింది. సుధాకర్ వరండాలో హేమచంద్‌తో ఫోనులో ఉన్నాడు. "లే భాయ్, మా ఇంటామెను గా షోకేసు ముట్టనియ్య. చేయి జారుతది పాపం" అంటున్నాడు. సుశీల గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి తిరిగింది. దసరా ఇక ఎంతో దూరం లేదు కదా అనుకుంది. రోజూ పది నిమిషాలు ఎక్కువ పట్టినా సరే, కింది అర ముందు నేలను మాత్రం శుభ్రంగా తుడిచింది.

సద్దుల బతుకమ్మను ఈసారీ చిన్నకోడలే ఎత్తుకుంది. తర్వాత దసరా వచ్చింది. పొద్దున్నే ఇన్నోవా, పరమేశ్ బుల్లెట్, కూతురు సృజన స్కూటీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశారు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. ఇక షోకేసు మిగిలింది. మొదటి ఏడాది అత్తమ్మ, బండి అన్నాక నిమ్మకాయ తొక్కాల్సిందే అని పట్టుబట్టింది. నిమ్మకాయ కారంత ఉంది. చివరకు సుశీలే పోపుల డబ్బాలోంచి ఒక మిరియం గింజ ఇచ్చింది. అప్పటి నుంచి అదే ఆచారం. అన్నిటి తరఫున ఒక పెద్ద కారు మిరియం తొక్కుతుంది. మెర్సిడెస్ కుంటిదైంది కనుక ఆ పెద్దరికం ఆడ్లర్‌ది.

మొలతాడుకున్న చెవి ఊడదు. అందుకని సుధాకర్ పొట్టను షోకేసుకు ఆనించి, కాస్త వంగి, తాళం తిప్పాడు. సృజన నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. కళ్లజోడు ఎప్పటిలాగే జేబులో ఉంది. ఆయన చేయి పెట్టి ఆడ్లర్‌ను తీసి, బొట్టు పెట్టి, పీట మీద ఉంచి, ముందు చక్రం దగ్గర గింజ పెట్టాడు. ఒక్క వేలితో మెల్లగా నెట్టాడు.

గింజ చెక్కుచెదరలేదు. కారు ముందు భాగం కూలిపోయింది. బానెట్ రెండు ముక్కలైంది, తలుపు ఊడింది, చక్రం దొర్లుకుంటూ పోయి అత్తమ్మ కాలి దగ్గర ఆగింది. పీట మీద బూడిదరంగు పొడి.

సరిగా వినబడని అత్తమ్మ చక్రాన్ని చూసి అడిగింది:

"సుశీల చేయి వెట్టిందా?"

"అమ్మ గాడ వంటింటి కాడుంది అవ్వా" అంది సృజన.

"మరి షోకేసు చెవి ఎవలకాడున్నదన్నా, ఆరేండ్ల సంది?" అన్నాడు పరమేశ్, కావాలనో అమాయకంగానో. అందరి చూపులూ సుధాకర్ పొట్ట మీదికి పోయాయి.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. నల్ల మెర్సిడెస్‌నూ, దూదిలో దాచిన మడ్‌గార్డునూ తీశాడు. విరిగిన అంచును ఆడ్లర్ ముక్క పక్కన పెట్టి చూశాడు. అదే బూడిదరంగు, అదే గరుకుదనం. మడ్‌గార్డును గోటితో గీకితే రవ్వలా రాలింది. రెండు ముక్కలూ గుప్పిట్లో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. సుశీల మటన్‌కు కుక్కర్ మూత బిగిస్తోంది.

"నీకు ఎరుకేనా?"

"శ్రావణం సంది."

"చెప్పద్దా మరి?"

"చెప్పిన గద. ఆరేండ్ల కింద."

ఆయన గుప్పిట తెరిచి చూసుకుని మళ్లీ మూసుకున్నాడు.

"లోపలికెల్లి కుళ్లుతదట గా లోహం. ఎవరు ముట్టకున్నా గంతేనట" అంది సుశీల. "శ్రావణంల చెప్తే ఇంకొన్ని దినాలు ఆగేదేమో. గంతమటుకు తప్పు నాది."

"తప్పయింది" అన్నాడు సుధాకర్, ఆమెకు మాత్రమే వినబడేటట్టు.

ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట. వినగానే ఏదో తేలికవుతుందనుకుంది. ఏమీ కాలేదు. పొద్దున ఐదింటి నుంచి నిలబడ్డ కాళ్లు లాగుతున్నాయి, అంతే.

"నాకు చెప్తే ఏమొస్తది? నేను పడెయ్యలేదని నాకు తెల్వదా? అత్తమ్మకు చెప్పు. గట్టిగ చెప్పు, ఆమెకు చెవులు తక్కువ."

సుధాకర్ ముందు గదిలోకి వెళ్లాడు. కుక్కర్ కూత పెట్టక ముందే సుశీల స్టవ్ ఆపేసింది.

"అమ్మా, గా నల్ల కారు సుశీల పడెయ్యలే."

"ఆఁ? ఏంది బిడ్డా?"

"సుశీల పడెయ్యలే అంటున్న."

"ఎవరు పడేసిన్రు?"

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో సుధాకర్ గొంతు పైకి లేచింది. వీధి గేటు దగ్గర తన బండి తుడుస్తున్న పక్కింటాయన కూడా తలెత్తి చూశాడు.

"ఎవ్వరు పడెయ్యలే అమ్మా. గది దానంతటదే పగిలింది. నేనే ఊరంత తప్పు చెప్పుకుంట తిరిగిన. తప్పు నాది."