ఎంత తుడిచినా

ఆ ఆదివారం కూడా ఆమె స్టూలెక్కి పడకగది మూల గోడ తుడుస్తోంది. పదకొండేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు. వారం వారం ఆమె తుడవడం, వారం తిరక్కుండా ఆ నల్లటి బూజు పిలవని చుట్టంలా మళ్ళీ దిగబడటం. "శ్రద్ధగా తుడిస్తే ఎందుకు పోదూ?" అనేది అత్తగారు. "చేసే పని మీద మనసుండాలి" అనేవాడు భర్త. పిల్లకి దగ్గొస్తే చాలు, ఇద్దరి చూపూ ముందు ఆ మూలకీ, తర్వాత ఆమె చేతులకీ వెళ్ళేది. వినగా వినగా ఆమే నమ్మేసింది, లోపం తన చేతుల్లోనే ఉందని.

అందుకే సొంతిల్లు కొందామనగానే ప్రాణం లేచొచ్చింది. భర్తకి నచ్చిన ఇల్లు ఆమెకీ నచ్చేదే, వెనక గదిలో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉండకపోతే. రంగు చాటున వాసన ఆమె ముక్కుకి పాత పరిచయమే. సంతకాలకి ముందు ఎవరైనా ఇంజినీరుకి చూపిద్దామంది.

"బ్యాంకు మనిషి చూసి వెళ్ళాడుగా?"

"ఆయన చూసింది వాళ్ళ అప్పుకి ఇల్లు సరిపోతుందా అని. మనం బతకడానికి పనికొస్తుందా అని కాదు కదండీ."

"నీకన్నీ అనుమానాలే. అంత సరదాగా ఉంటే నీ డబ్బుతో తీర్చుకో."

నీ డబ్బుట! ఒకటో తారీకునే జీతమంతా మొగుడి ఖాతాలోకి నడిచిపోయే మనిషికి ఇంకా నీ డబ్బేమిటి? సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి దాచుకున్నది బయటికి తీసింది. ముగ్గురు ఇంజినీర్లకి ఫోన్ చేసింది. మొదటతను "సార్ లేరా?" అన్నాడు. రెండో అతను "సార్‌తో మాట్లాడతాలెండి" అన్నాడు. మూడో ఆవిడ మాత్రం "ఆ ఇంట్లో మీకెక్కడ అనుమానంగా ఉందమ్మా?" అని అడిగింది. ఆమెని అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. ముగ్గురిలో ఆవిడదే ఎక్కువ ఫీజు. అయినా ఆవిడకే కట్టేసింది.

చెప్పిన రోజుకి ఇంజినీరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో చెమ్మ కొలిచే చిన్న మీటరు. కొత్త రంగు గోడకి ఆనించగానే అది కీచుమంది. ఆవిడ బయటికెళ్ళి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, పునాది గోకి చూసి వచ్చింది.

"నేలలోంచి నీళ్ళు గోడ లోపలికి ఎక్కుతున్నాయమ్మా. ఏళ్ళనాటి చెమ్మ. రంగేసి దాచారు. గోడ విప్పి బాగు చెయ్యాలి గానీ, బూజు ఎంత తుడిచినా పోదు."

"ఎంత తుడిచినా?"

"గోడ లోపలే తడి ఉంటే తుడిచేవాళ్ళ తప్పేముంది?"

ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయింది. అద్దింట్లో మూల గోడ, స్టూలు, చర్మం ఊడిన వేళ్ళు, ఇన్నేళ్ళ మాటలు. ముందు ఏడుపొస్తుందనుకుంది. వచ్చింది కోపం.

"మేడమ్, ఆ మాట రిపోర్టులో రాస్తారా?"

"ఏ మాట?"

"ఎంత తుడిచినా పోదని."

ఆవిడ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, అక్కడికక్కడే రాసుకుంది.

రిపోర్టు వచ్చిన రోజు భర్త ఒక పేజీ తిప్పి పక్కన పడేశాడు. "ఇల్లమ్మే ఆయనకి మాటిచ్చేశాను. ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి? కాస్త చెమ్మకే కొంపేం మునిగిపోదులే. నువ్వున్నావుగా, వారానికోసారి తుడిచేస్తే సరి."

"అదీ శ్రద్ధగా" అంది కుర్చీలోంచి అత్తగారు.

లోను కాగితాలు ఆమె ముందుకి జరిపాడు. ఆమె జీతం కూడా చూపిస్తేనే లోను వస్తుంది, అందుకని ఆమె సంతకం కావాలి. పెన్ను మూత తనే తీసి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు కూడా.

ఆమె పెన్నుకి మూత పెట్టింది. రిపోర్టులో ఆ వాక్యమున్న పేజీ తీసి కాగితాల మీద పరిచింది.

"ఇది అత్తయ్యకి కూడా వినబడేలా చదవండి. గోడ బాగుచేయిస్తానని ఆ ఇంటాయన రాసిచ్చేదాకా నా సంతకం లేదు. ఇక్కడ పడకగది గోడ తుడవడం మాత్రం ఇవాళ్టితో సరి."

ఎవరూ చదవలేదు. ఆమె పడకగదిలోకి వెళ్ళింది. మూలన స్టూలు అలాగే ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె దాని మీద కూర్చుంది.