రెండో మనిషి

ఆ వృద్ధుల వసతి గృహంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె క్రేనక్కే. చేరిన కొత్తలో ఒక భారీకాయుడు స్నానాల గదిలో జారి కూలబడ్డాడు. ఆయాలందరూ చుట్టూ చేరి ఎలా లేపాలా అని తర్జనభర్జన పడుతున్నారు. "జరగండమ్మా, సభ తర్వాత పెట్టుకోండి" అంటూ ఆమె వచ్చి, ఆయన చంకల కింద చేతులు దూర్చి, ఒక్క ఊపులో లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ రోజు అంటుకున్న పేరు అది. ఎవరైనా అలా పిలిస్తే "ఏం పేరే బాబూ" అని కసురుకునేది కానీ, లోలోపల మురిసిపోయేది.

తన తోడికోడల్ని కూడా ఆ పనిలో పెట్టించింది ఆమే. ఇద్దరివీ పక్కపక్క వాటాలు. తోడికోడలు మనిషి సన్నగా ఉంటుంది, మాట మెత్తన, అక్క ఏం చేస్తే అదే వేదం. అక్క జుట్టు ముడివేసుకున్నట్టే ముడివేసుకునేది, అక్క నడిచినట్టే చేతులు ఊపుకుంటూ నడిచేది. మిగతా ఆయాలు నవ్వుకుంటే, "మా అక్కలా ఉంటే తప్పేంటి?" అనేది.

అంతకుముందు ఏడాది ఇద్దరు ఆయాలకు నడుం పట్టేసి, పని మానేయాల్సి వచ్చింది. అందుకని పెద్ద సిస్టర్ ఒక ఫిజియోథెరపీ అమ్మాయిని పెట్టుకుంది. చదువు ముగించి ఎంతో కాలం కాలేదు ఆ అమ్మాయికి. ఒక మధ్యాహ్నం ఆయాలందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఖాళీ మంచం పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ముందు మంచాన్ని మన నడుం ఎత్తుకు తెచ్చుకోవాలి. కుర్చీని మంచానికి ఆనించి, రెండింటి బ్రేకులూ వెయ్యాలి. మోకాళ్ళు వంచాలి కానీ నడుం వంచకూడదు, బరువు పట్టుకుని పక్కకు మెలిక తిరగకూడదు. మనిషికి బెల్టు కట్టి, చెరో పక్కా ఇద్దరు పట్టుకుని లేపాలి.

"ఇద్దరా?" అంది క్రేనక్క వెనక వరసలోంచి. "ఒక ముసలమ్మని లేపడానికి ఇద్దరైతే, లావుపాటాయన్ని లేపడానికి ఊరంతా కదిలిరావాలా పాపా?"

హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయి కూడా మర్యాదకి నవ్వి, "అలవాటైతే సులువేనండి" అంది. క్రేనక్కకి ఊపొచ్చింది. లేచి ముందుకొచ్చింది. "ఇదిగో, మా పద్ధతి ఇదీ" అంటూ ఆ అమ్మాయి నడుం చుట్టూ చేతులు వేసి, అమాంతం పైకెత్తి, గిర్రున తిప్పి, కుర్చీలో కుదేసింది. ఆయాలు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది తోడికోడలు.

దించేటప్పుడు క్రేనక్క నడుంలో ఏదో కలుక్కుమంది. కాల్చిన తీగ ఒకటి తుంటిలోంచి తొడ దాకా దిగినట్టయింది. ఆమె ఇంకా గట్టిగా నవ్వి, వెళ్ళి తన చోట కూర్చుంది. ఫిజియో అమ్మాయి లేచి, బట్టలు సర్దుకుని, కందిపోయిన మొహంతో మిగతా పాఠం చెప్పింది. ఎవరూ వినలేదు.

ఆ నొప్పి రెండ్రోజుల్లో పోతుందనుకుంది క్రేనక్క. పోలేదు. పొద్దున్నే లేవాలంటే పక్కకి దొర్లి, కిటికీ ఊచ పట్టుకుని లేవాల్సి వచ్చేది. చెప్పుల్లో కాలు పెట్టడం గగనమైపోయింది. మొగుడు "ఏమైందే?" అంటే "నిద్ర సరిపోలేదు" అంది. నడుం నొప్పని ఎవరితో చెప్పుకుంటుంది? హాలు మధ్యలో చేసిన ఘనకార్యం తలుచుకుంటేనే ఆమెకి సిగ్గేసేది. ఆ ఫిజియో అమ్మాయి వరండాలో ఎదురుపడితే దుప్పట్ల గదిలోకి దూరిపోయేది. బరువు పనులు మాత్రం ఏదో ఒక సాకుతో ఇంకొకరి మీదికి నెట్టడం నేర్చుకుంది.

అలా నెట్టిన పనే ఒకరోజు తోడికోడలి మీద పడింది.

మూలగదిలో దర్జీ మామ్మ ఉండేది. ఒకప్పుడు బట్టలు కుట్టి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. కాళ్ళు పడిపోయాయి కానీ నోరు పడిపోలేదు. మనిషి బరువే. రోజూ ఉదయం ఆవిణ్ణి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చేది క్రేనక్కే. ఆ ఉదయం మామ్మ గది గుమ్మం దాకా వచ్చేసరికే ఆమె నడుం బిగుసుకుపోయింది. లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. పక్కన బకెట్టుతో వెళ్తున్న తోడికోడల్ని పిలిచింది.

"మామ్మని నువ్వు కూర్చోబెట్టవే. నాకు అవతల పనుంది."

"నేనా? ఇంకెవరినైనా పిలుచుకోనా అక్కా? ఆ బెల్టు కట్టి..."

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నడుం బాగాలేదే, ఇద్దరం కలిసి లేపుదాం రా అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వరండాలో ఇంకో ఇద్దరు ఆయాలు వింటున్నారు.

"ఏం, నీకు చేతులు లేవా?" అంది క్రేనక్క. "నేను రోజూ ఒక్కదాన్నే లేపట్లేదూ?"

తోడికోడలు మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళింది. క్రేనక్క వరండా చివరికైనా చేరలేదు, కేక వినిపించింది.

పరిగెత్తుకెళ్ళేసరికి తోడికోడలు నేల మీద మోకాళ్ళ మీద ఉంది. మామ్మ సగం మంచం మీదా, సగం ఆమె భుజం మీదా వాలి ఉంది. కుర్చీ ఎక్కడో కాళ్ళ వైపున ఉంది. ఎత్తిన మనిషితో అటు మెలిక తిరగబోయినప్పుడు నడుం పట్టు తప్పింది. అయినా మామ్మని కింద పడెయ్యలేదు. పళ్ళు బిగపట్టి అలాగే మోస్తూ ఉండిపోయింది. క్రేనక్క మామ్మని పట్టుకోబోయింది. చేతులు వెళ్ళాయి కానీ నడుం వంగలేదు. నలుగురూ చూస్తుండగా గోడ పట్టుకుని నిలబడిపోయింది.

ఫిజియో అమ్మాయే వచ్చింది. మామ్మని మంచం మీద సర్దించి, తోడికోడలి కింద మందపాటి దుప్పటి జరిపించి, నాలుగు మూలలా నలుగుర్ని నిలబెట్టి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి ఒక్కసారిగా లేపించింది. "మీరు పక్కనుండండక్కా" అంది క్రేనక్కతో. కసురు లేదు ఆ గొంతులో. కసిరినా బావుండుననిపించింది క్రేనక్కకి.

ఏం జరిగిందని పెద్ద సిస్టర్ అడిగింది. తోడికోడలు మూలుగుతూనే, "నేనే తొందరపడ్డాను సిస్టర్" అంది. క్రేనక్క అక్కడే ఉంది. మామ్మ దుప్పటి సర్దే పనిలో పడింది.

అందరూ వెళ్ళాక దర్జీ మామ్మకి మంచినీళ్ళు పట్టింది. మామ్మ రెండు గుక్కలు తాగి ఆమె మొహంలోకి చూసింది.

"నా చెవులు బాగానే పనిచేస్తాయే పిల్లా" అంది. "గుమ్మం దగ్గర నువ్వు అన్నది విన్నాను. నేను ఎవరికీ చెప్పన్లే."

చెప్పనన్న ఆ మాటకి క్రేనక్కకి తల కొట్టేసినట్టయింది.

వెన్నులో డిస్కు పక్కకి జరిగిందన్నారు డాక్టర్లు. తోడికోడలు మంచం దిగడానికి లేదు. మరిది వంట చేస్తూ చేతులు కాల్చుకుంటున్నాడు. క్రేనక్క రోజూ సాయంత్రం గిన్నెలో భోజనం పట్టుకుని పక్క వాటాకి వెళ్ళేది. కింద పెట్టేసి, "వస్తానే" అని వెంటనే తిరిగొచ్చేది. ఒకరోజు తోడికోడలు ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

"అక్కా, కోప్పడకు. ఒకటి అడుగుతా. నీలాగే చేశాను. చేతులు నువ్వు వేసినట్టే వేశాను. నీకంత సులువుగా వచ్చేది నాకెందుకు రాలేదక్కా? నాలోనే ఏదో లోపముందా?"

క్రేనక్క మంచం అంచు మీద కూర్చుంది. కూర్చోడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అది తోడికోడలు చూసింది.

"నాకూ రావట్లేదే" అంది క్రేనక్క. తల దించుకునే అంతా చెప్పింది. హాల్లో కలుక్కుమన్న దగ్గర్నుంచీ, ఆ ఉదయం గుమ్మం దాకా. "నాకు చేతకాకే నిన్ను పంపాను."

తోడికోడలు పట్టుకున్న కొంగు వదిలేసింది. తర్వాత మెల్లగా అంది: "ముందే చెప్పుంటే ఇద్దరం కలిసి లేపేవాళ్ళం కదక్కా." అని గోడ వైపు మొహం తిప్పుకుంది. తిట్టి ఉంటే క్రేనక్క ఓర్చుకునేది. అప్పటికీ "అక్కా" అనడం మానలేదు ఆ పిల్ల.

మర్నాడు క్రేనక్క వెళ్ళి పెద్ద సిస్టర్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సిస్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ పిల్ల తనదే తప్పంటే మేమందరం నమ్మాం" అంది. క్రేనక్కని బరువు పనుల్లోంచి తప్పించి, ఫిజియో గదికి పంపింది.

ఆ గది గుమ్మం దాటడం ఆమె జీవితంలో మోసిన అన్ని బరువులకంటే బరువైంది. బోర్లా పడుకోమంది ఆ అమ్మాయి. నడుం మీద వేళ్ళు ఆనించి ఎక్కడెక్కడ నొప్పో చూసింది. ఎప్పుడు దెప్పుతుందా అని క్రేనక్క కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. చివరికి తనే అంది.

"ఆ రోజు నిన్ను అలా ఆడించాను. తప్పయిపోయిందమ్మా."

అమ్మాయి చేతులు ఆగాయి. "నన్ను దించేటప్పుడు మీ ఊపిరి ఆగిపోయిందక్కా. వెంటనే చెయ్యి నడుం మీదికి పోయింది. నేను చూశాను."

"మరి అడగలేదేం?"

"అందరూ నవ్వుతున్నారు కదా. నాకు ఏడుపు ముంచుకొస్తోంది. ఎప్పుడు బయటపడతానా అని చూసుకున్నాను. అడగాల్సింది." మళ్ళీ చేతులు ఆనించి, "మోకాళ్ళు మడవండి" అంది.

నెలలు గడిచాక తోడికోడలు మళ్ళీ పనిలో చేరింది, దుప్పట్లు మడతపెట్టే చోట. ఇద్దరూ కలిసే నడిచి వచ్చేవాళ్ళు. దారిలో మునుపటంత మాటలుండేవి కావు. తోడికోడలు ఇప్పుడు చేతులు ఊపుకుంటూ నడవడం లేదు. నడుం పట్టీ బిగించుకుని, జాగ్రత్తగా అడుగులు వేస్తోంది. ఆ అడుగులకి సరిపడా క్రేనక్క తన నడక తగ్గించుకుంది.

క్రేనక్కకి మళ్ళీ మనుషుల్ని లేపడానికి అనుమతి వచ్చిన రోజున, కొత్తగా చేరిన ఒక లారీ డ్రైవరు తాతని కుర్చీలోకి మార్చాల్సి వచ్చింది. మంచం ఎత్తు సరిచేసింది. కుర్చీ ఆనించింది, బ్రేకులు వేసింది, తాతకి బెల్టు కట్టింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి, "ఎవరైనా వచ్చి ఒక చెయ్యి వెయ్యండమ్మా" అంది.

వరండాలో ఆయాలు ఆమె వైపు చూసి ఫక్కున నవ్వారు. వేళాకోళం అనుకున్నారు. ఒకావిడ చెయ్యి ఊపి తన పని తను చూసుకుంది.

క్రేనక్క చెవుల దాకా వేడెక్కిపోయింది. ఎప్పటిలా లోపలికెళ్ళి ఒక్కతే లేపేస్తే క్షణంలో తీరిపోయే పని. గుమ్మం కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడింది.

"నిజంగానే పిలుస్తున్నానే" అంది మళ్ళీ. "నా వల్ల కాదు. రండి."

నవ్వులు ఆగాయి. చేతిలో తువ్వాలు పక్కన పడేసి ఒకావిడ వచ్చింది. ఇద్దరూ చెరో పక్కా నిలబడి, మోకాళ్ళు వంచి, తాత బెల్టు పట్టుకున్నారు. ఆవిడ కళ్ళల్లోకి చూడలేక బ్రేకు వైపు చూస్తూ లెక్క మొదలుపెట్టింది క్రేనక్క.