పొద్దుటి కణానికి పొద్దుటి అంకె

మా హైస్కూలు సైన్సు గది ఈరోజు భూమిలోకి పెరుగుతోంది. అడుగున కణాలను కొలిచే యంత్రం ఉంది. దాని పక్కనే నా స్టూలు.

యంత్రం ఎండకు ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. అందుకే దాని కొలత ఎప్పుడూ కాస్త తప్పు. ఎంత తప్పో గంటగంటకూ నా డైరీలో రాసుకుంటాను. ఏ గంటకు వచ్చిన కణాన్ని ఆ గంట అంకెతోనే సరిచూడాలి.

తొమ్మిదిన్నరకు ఒక కణం వస్తుంది. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చూడలేదు. జీలకర్ర గింజంత ఉంది, బెంచీ మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. నాకు సంతోషంతో చెవులు వేడెక్కుతున్నాయి.

మధ్యాహ్నం గవరయ్య మాస్టారు వచ్చి, బోర్డు మీద పొద్దుటి అంకె చెరిపి కొత్తది రాస్తారు. వెంటనే కణం నడిచొచ్చిన గీత వంకరపోతుంది. దాని ఎడమకాలు పొగైపోతుంది.

"ఇది ఉత్త చెత్త. ఊడ్చేయ్ తవిటీ," అంటారు మాస్టారు.

ఆయా తవిటమ్మ చీపురు తీస్తుంది. "కొత్తంకె ఏస్తే బాగుపడాలి గానీ, కుంటిదైపోనాదేటి మాస్టారూ?"

"నానొచ్చినప్పటికి ఎండెక్కలేదు," అంటుంది కణం, నన్నే చూస్తూ. రెండో కాలు కూడా పలచబడుతోంది.

క్లాసులో నేనెప్పుడూ లేచి మాట్లాడలేదు. డైరీ ఎవరికీ చూపలేదు. అయినా నా మోకాళ్లు వాటంతటవే లేచి నిలబడతాయి.

"అది పొద్దున్నొచ్చిందండి. పొద్దుటంకె నా దగ్గరుంది."

"ఏదీ, సదువు నూకాలూ," అంటారు మాస్టారు.

"తొమ్మిది నుంచి పది వరకు, మూడు వెంట్రుకలంత ఎడమకి. అమ్మతో మాట్లాడను." రెండూ ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి రెండూ చదివేస్తాను.

తవిటమ్మ సుద్దముక్క అందుకుంటుంది. "అమ్మ సంగతి కూడా రాయాలేటి?"

"రాయి," అంటారు మాస్టారు. "అలక ఎంతవరకు చెల్తాదే?"

"పది వరకేనండి."

మాస్టారు తల ఊపి, ఈసారి దేన్నీ చెరపకుండా కింద ఖాళీ చూపిస్తారు. తవిటమ్మ రాయడం ముగించగానే కణానికి రెండు కాళ్లూ వస్తాయి. అది బెంచీ మీంచి దూకి పరుగెడుతుంది.

దాని గీత తిన్నగా గోడ దాటి, బడి వెనకున్న సముద్రానికి పాపిడి తీస్తుంది. ఒక పక్క అలలకు ఇంకా తెల్లవారలేదు, మరో పక్క అలలకు పొద్దుగూకింది. నడుమ పొడి ఇసుక మీద చేపలు చెప్పులు చేత్తో పట్టుకుని, నవ్వుకుంటూ దాటుతున్నాయి.