చూపు సరిగా ఉంది

మొగిలికి ఎడమ కన్ను మసకబారడం మొదలై రెండేళ్లయింది. షుగరు వల్ల కావచ్చని బాచుపల్లిలో మందుల షాపతను చెప్పాడు. ఇరవై ఏడేళ్లుగా లారీలు తోలుతున్న మనిషి. ఇప్పుడు నార్సింగిలో లేస్తున్న టవర్లకు టిప్పర్‌లో కంకర తోలుతున్నాడు. ఎడమ అద్దంలో ఏముందో చూడాలంటే తల మొత్తం తిప్పాల్సి వచ్చేది.

లైసెన్సు గడువు దగ్గరపడినప్పుడు భార్య లక్ష్మమ్మతో అన్నాడు.

"ఈసారి డాక్టర్ సర్టిఫికెట్ గావాలె. కన్ను జూస్తడు. వద్దంటడేమో."

"వద్దంటే బందువెట్టు. నేను పనికి పోతున్న గద. నీకు వాచ్‌మన్ పని దొరకదా?" అంది లక్ష్మమ్మ. ఆమె గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో నేల తుడుస్తుంది.

మొగిలికి గుండె తేలికపడింది. తనంతట తాను మానేసే ధైర్యం లేదు. ఎవరైనా ఆపితే ఆగిపోదామని ఉంది.

సర్టిఫికెట్ కోసం వెళ్తే డాక్టరు తలెత్తలేదు. ఫారాల కట్ట ముందేసుకుని సంతకాలు పెడుతున్నాడు.

"సార్, ఎడమ కన్ను సక్కగ కనవడ్తలేదు."

"అద్దాలు పెట్టుకో," అని ముద్ర వేశాడు. వెనకున్నవాడు మొగిలిని పక్కకు జరిపాడు.

కొన్ని రోజులకు ఐదేళ్ల లైసెన్సు ఇంటికొచ్చింది. సూపర్‌వైజర్ శేఖర్‌కు కూడా తన కన్ను సంగతి చెప్పాడు. "లైసెన్సు వచ్చింది గదనే, ఇగ పరేషాన్ ఏంది?" అన్నాడు శేఖర్.

వానాకాలంలో ఒకరోజు, పొద్దున పదకొండింటికి, మొగిలి సర్వీసు రోడ్డులోకి ఎడమకు తిప్పాడు. ఏదీ తగిలినట్టు అనిపించలేదు. జనం అరుస్తుంటే బ్రేకు వేశాడు. వెనక చక్రం కింద స్కూటీ. ఆఫీసుకు వెళ్తున్న ఆమని అనే ఇరవై ఆరేళ్ల అమ్మాయి అక్కడికక్కడే ప్రాణం వదిలింది. మొగిలి పారిపోలేదు. తడి రోడ్డు మీద కూలబడ్డాడు.

స్టేషన్లో తనకు కన్ను కనపడదని చెప్పాడు. ఎస్సై లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాగితాలన్నీ మంచిగనే ఉన్నయి," అని, అజాగ్రత్తగా నడిపినట్టు రాసుకున్నాడు. బెయిలు తెచ్చిన టిప్పర్ ఓనరు వకీలు ఆ అమ్మాయే అడ్డం వచ్చిందని చెప్పమన్నాడు.

మొదటి వాయిదా రోజు కోర్టు వరండాలో ఆమని తండ్రి వెంకటరామయ్య మొగిలి ముందుకొచ్చి నిలబడ్డాడు. రిటైరైన ఉద్యోగి, కోస్తా మనిషి.

"మా అమ్మాయి నీకు కనపళ్లేదా?"

"లేదు సార్. ఆ పక్క కన్ను నాకు రెండు మూడేండ్ల సంది కనవడదు."

"మరి నీకు లైసెన్సు ఎవరిచ్చారయ్యా?"

మొగిలి డాక్టరు సంగతంతా చెప్పాడు. పెద్దాయన గోడకు ఆనుకున్నాడు. "ఈ మాట లైసెన్సిచ్చిన ఆఫీసులో చెబుతావా? నాతో వస్తావా?" అన్నాడు. మొగిలి తలూపాడు.

మర్నాడు ఇద్దరూ రవాణా ఆఫీసుకు వెళ్లారు. అక్కడి అధికారి కంప్యూటర్లో చూశాడు.

"చూపు సరిగా ఉందని డాక్టరు రాసిచ్చారండి. మేం దాన్నే చూస్తాం."

"మనిషి నీ ఎదురుగా నిలబడి కనపడదంటున్నాడు కదయ్యా!"

"అది కోర్టులో చెప్పుకోండి. నడపడం ఇష్టం లేకపోతే మానేయమనండి. ఆయన్ని బలవంతం చేసిందెవరు?" అని తర్వాతి వాళ్లను పిలిచాడు.

డాక్టరు మీద వెంకటరామయ్య రాసి తెచ్చిన అర్జీని ఆ అధికారి తీసుకోలేదు. బయటికొచ్చాక మెట్ల మీద ఇద్దరూ నిలబడ్డారు. కొత్త లైసెన్సుల కోసం వచ్చినవాళ్లు వాళ్లను తప్పించుకుంటూ లోపలికి పోతున్నారు.

"ఆ బండి ఇప్పుడు ఎక్కడుంది?"

"స్టేషన్ల నుంచి ఇడిపించుకున్నరు సార్. ఇంకొకాయన తోలుతున్నడు. నాకంటె పెద్దోడు. మోకాలు సరిగ వంగదు."

"ఆయనకి లైసెన్సు ఉందా?"

"ఉన్నది సార్."

వెంకటరామయ్య అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు.